రోజూ వాక్యం చదువుతున్నా జీవితంలో మార్పు లేదు, ఎలా వినాలి?

వందనాలండీ. రోజూ బైబిలు చదువుతున్నా, ఆదివారం ప్రసంగం వింటున్నా బతుకులో ఏ మార్పూ కనబడటం లేదని అడిగారు. నేనూ చాలా ఏళ్లు అలాగే ఉన్నాను.

మా అమ్మకు శుక్లాలు వచ్చి అక్షరాలు ఆనకపోయేసరికి, రాత్రి భోజనాలయ్యాక నేనే పైకి చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు మత్తయి సువార్త 5వ అధ్యాయం, 23, 24 వచనాలు. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీమీద నీ సహోదరునికి విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమనే మాట. కంఠతా వచ్చు కాబట్టి గబగబా చదివేశాను. అమ్మ ఆపింది. "ఎవరి మీద ఎవరికి నాన్నా? మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. నీమీద, నీ సహోదరునికి. అన్నాళ్లూ నేను దాన్ని తిరగేసి విన్నాను, నాకెవరి మీదైనా కోపం ఉంటే వదులుకోవాలని. నాకెవరి మీదా కోపం లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. పాత ఇంటికి స్లాబు వేసినప్పుడు సగం ఖర్చు నాదని మా అన్నయ్యకు మాటిచ్చి, రెండేళ్లుగా దాటవేస్తున్నాను. మందిరంలో కానుక కవరు మాత్రం ఏ ఆదివారమూ తప్పలేదు.

యేసు ఈ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అర్పణ వదిలేసి కాలినడకన ఊరికి వెళ్లి, సమాధానపడి మళ్లీ రావడమంటే ఎన్ని రోజుల పనో విన్నవాళ్లకు తెలుసు. మా అన్నయ్య ఇల్లు రెండు వీధుల అవతల.

మర్నాడు చేతిలో ఉన్న 15 వేలు పట్టుకుని వెళ్లాను. అన్నయ్య ఏమీ అనలేదు. లెక్కపెట్టుకుని, గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసుకున్నాడు. వదిన టీ ఇచ్చింది. మిగతాది తీర్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నయ్య మునుపటిలా మాట్లాడటానికి ఇంకా ఎక్కువే పట్టింది.

అందుకే చెబుతున్నాను, రోజుకిన్ని అధ్యాయాలు పూర్తి చేయాలన్న టెన్షన్ వదిలేయండి. నాలుగైదు వచనాలు చాలు, కానీ పైకి చదవండి. మన బైబిలు తెలుగు పాతది, పైగా చిన్నప్పటి నుంచి విన్నది, కళ్లతో చదివితే జారిపోతుంది. వీలైతే ఇంట్లో ఇంకొకరికి వినిపించండి. ఎవరు, ఎవరితో, ఎవరి మీద అని వాళ్లను అడగనివ్వండి. ఆ వచనంలో మీవాళ్లలో ఎవరి ముఖమైనా కనబడితే, పక్క వచనానికి వెళ్లకండి.

అమ్మకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు చక్కగా కనబడుతోంది. అయినా రాత్రి పుస్తకం నా చేతికే ఇస్తుంది.