ఏ దేశమని అడిగితే ఇప్పుడే చెప్పకు

చిరంజీవి మనవడికి,

నెల్లూరు నుంచి చిన్నతాత ఆశీస్సులు. నీకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదని తెలుసు. మీ నాన్న చదివి వినిపిస్తాడు. వాడు కూడా వినాల్సినవి రెండు మూడున్నాయి, అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నా.

నువ్వు మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కాంట్రాక్టు మీద సంతకం పెడుతున్న ఫొటో మన ఫ్యామిలీ గ్రూపులో పడింది. పక్కన మీ అమ్మ నవ్వుతోంది, మీ నాన్న ఏడుపు ఆపుకుంటున్నట్టున్నాడు. సాయంత్రానికల్లా ట్రంకురోడ్డులో టీ కొట్టు దగ్గర నిన్ను ఏకంగా ఇంగ్లండ్‌లోని అన్నిటికన్నా పెద్ద లీగ్, ప్రీమియర్ లీగ్‌లో దించేశారు. "అండర్-21 జట్టులోకి తీసుకున్నారయ్యా, అసలు పని ఇప్పుడే మొదలు" అంటే నేనేదో దిష్టి పెట్టినట్టు చూశారు.

ఆ తర్వాత అందరిదీ ఒకటే ప్రశ్న, "మనోడు ఇండియాకి ఎప్పుడు ఆడతాడు?" మీ అమ్మ వైపు వాళ్ళు వేల్స్ అంటారు, నువ్వు పుట్టింది ఇంగ్లండ్‌లో. పదిహేడేళ్ళ పిల్లాడి మీద మూడు జెండాలు. లెక్క చెబుతా విను. ఇండియాకి ఆడాలంటే ఇండియా పాస్‌పోర్టు ఉండాలి, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు సరిపోదు. మన దగ్గర రెండు పౌరసత్వాలు కుదరవు, బ్రిటిష్‌ది వదులుకోవాల్సిందే. గుజరాతీ నాన్నకీ జపాన్ అమ్మకీ పుట్టిన ఇజుమి అరాటా అలాగే జపాన్ పౌరసత్వం వదిలేసి 2013లో ఇండియాకి ఆడాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు, ఇక్కడి క్లబ్బుల్లో కొన్నేళ్ళు ఆడి, ఊరూ మనుషులూ తెలిసి తీసుకున్న నిర్ణయం. నీకు ఆ తొందర లేదు. ఇంగ్లండో వేల్సో అండర్-19కి పిలిస్తే వెళ్ళిరా, దాంతో ముడి పడిపోదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2020లో దేశం మారే నిబంధన సడలించింది కూడా. ఇరవై ఒకటి నిండకముందు సీనియర్ జట్టుకి మ్యాచ్‌లు మూడు దాటకుండా ఆడి, అందులో ప్రపంచకప్ లాంటి ఫైనల్ టోర్నీ ఏదీ లేకపోతే, మిగతా షరతులు కూడా కుదిరితే మూడేళ్ళ తర్వాత మారొచ్చు. కాబట్టి మైకు పట్టుకుని ఎవరడిగినా "కోచ్ శనివారం జట్టులో పెడితే చాలండీ" అను. అబద్ధం కాదు కదా.

మీ నాన్నకి ఇది. వేల్స్ ఫుట్‌బాలర్ నీల్ టేలర్ అమ్మది కోల్‌కతా. చిన్నప్పుడే మాంచెస్టర్ సిటీ వాళ్ళు వద్దని పంపేస్తే రెక్సమ్ అనే చిన్న క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బేమో 2008లో ఫుట్‌బాల్ లీగ్ అనే పై అంచెల నుంచే కిందికి జారిపోయింది. అతను అక్కడే ఆడుకుంటూ 2010లో స్వాన్సీ క్లబ్బుకి వెళ్ళాడు, 2016 యూరో కప్‌లో వేల్స్ తరఫున రష్యా మీద గోల్ కొట్టాడు. రేపు నీ కొడుకుని లోన్ మీద, అంటే కొన్నాళ్ళు ఆడి రమ్మని, చిన్న క్లబ్బుకి పంపితే పరువు పోయినట్టు మొహం పెట్టకు. అక్కడ జీతంతో ఇల్లు గడుపుకునే పెద్దవాళ్ళు పక్కన ఆడతారు, పాస్ తప్పితే మొహం మీదే తిడతారు. అకాడమీలో ఆ చదువు దొరకదు.

బెంచీ మీద కూర్చోవడం కూడా పనే, నాయనా. వికాష్ దొరసు పేరు విన్నావా? మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి, ఫ్రాన్స్‌లో పుట్టాడు. 2005లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మొత్తం ఇటలీ క్లబ్బు మిలాన్ బెంచీ మీద చూశాడు. 2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళితే, ఇతనికి దక్కింది రెండు మ్యాచ్‌ల చివర కాసిని నిమిషాలు. అంతవాడికే అలా జరిగింది.

ఇప్పుడు నా సంగతి. నువ్వు పదేళ్ళప్పుడు వచ్చి, మన వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలతో ఒట్టికాళ్ళతో ఆడావు. పల్లేరుకాయ అరికాల్లో దిగింది. నేను పిన్నీసుతో తీస్తుంటే నువ్వు ఏడ్చింది నొప్పికి కాదు, అదే అదనని ఆ పొడుగు పిల్లాడు బంతి లాక్కుపోయాడని. నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. ఎందుకంటే కాలేజీలో నేనూ అంతే. యూనివర్సిటీ సెలక్షన్లకి వారం ముందు మోకాలు పట్టేస్తే ఎవరికీ చెప్పకుండా గుడ్డ బిగించి ఆడాను. రెండో సగంలో మెలిక పడింది. ఇప్పటికీ మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నా. డ్రిల్లు మాస్టారునై ముప్పై ఏళ్ళు ఈల ఊదాననుకో, అది వేరే విషయం. నొప్పి అనిపించిన పూటే ఫిజియోకి చెప్పు.

మీ పెద్దమామ్మ అశ్వగంధ లేహ్యం పంపిస్తానంటోంది. ప్రేమగా తీసుకో, డాక్టరుకి చూపించకుండా నోట్లో పెట్టుకోకు. పరీక్షలో నిషేధించిన మందు బయటపడితే "మా మామ్మ ఇచ్చింది" అంటే వినరు, ఒంట్లోకి వెళ్ళిందానికి బాధ్యత ఆటగాడిదే. ఆవకాయకి భయం లేదు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది మన గ్రూపే. "శనివారం ఆడుతున్నావా బావా? మీ స్ట్రైకర్‌కి దెబ్బ తగిలిందటగా?" అని పిల్లలు అడుగుతున్నారు. సరదాకే అడుగుతున్నారేమో, కానీ వాళ్ళ ఫోన్లలో పందేల యాప్‌లు నేను చూశాను. 2014 నుంచి ఇంగ్లండ్‌లోని ప్రొఫెషనల్ ఆటగాళ్ళు ప్రపంచంలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్ మీదా పందెం కాయకూడదు, పందేనికి పనికొచ్చే లోపలి కబురు చెప్పినా నేరమే. న్యూకాజిల్ వాడు మైకేల్ చోప్రా, వాళ్ళ నాన్న మనవాడే, సండర్లాండ్ జట్టు మీద బెంచీ నుంచి దిగిన కొన్ని సెకన్లకే గోల్ కొట్టినవాడు. జూదం తనని ఎంత తినేసిందో తనే బయటికి చెప్పుకున్నాడు. నువ్వు ఈ రాత్రికే గ్రూపు లోంచి బయటికి వచ్చెయ్. తిట్లు నేను పడతాను, నాకు అలవాటే.

సీజన్ అయ్యాక జూన్‌లో రా, ఎండ ఎలాగూ మండిపోతుంది, తెల్లవారుజామున మైపాడు ఇసుకలో పరిగెత్తొచ్చు. ఆ బంతి లాక్కున్న పిల్లాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, నీ సంతకం ఫొటో అద్దానికి అంటించుకున్నాడు. నీ పాత బూట్లు ఒక జత వాడికి పట్టుకురా. కాలు కొలిచాను, తొమ్మిదో నంబరు.

మీ చిన్నతాత