కంట్లో ఇంజెక్షన్లు ఎన్నాళ్లు?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ అయింది. ఈమధ్య ఎడమ కంటికి గుమ్మాలు వంకరగా, మనుషుల ముఖాలు నడిమధ్యలో మసగ్గా కనబడుతున్నాయంటే ‘వెట్ ఏఎమ్‌డీ’ (వయసుతో వచ్చే కంటి జబ్బు) అన్నారు. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేశారు. చూపు మెరుగైంది. అయినా ఇంకా వేయాలంటున్నారు. ఆపేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపొద్దమ్మా. చూపు కాస్త తేటపడగానే మానేసి, ఆర్నెల్లకు మచ్చకట్టిన కంటితో వచ్చేవాళ్లే ఎక్కువ బాధ కలిగిస్తారు.

మనం చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ కంటి వెనక పొర అయిన రెటీనా మధ్యనున్న మాక్యులాతోనే. ఈ జబ్బులో దాని కింద కొత్త రక్తనాళాలు పుడతాయి. అవి బలహీనమైనవి కావడంతో నీరు, రక్తం కారి పొర ఉబ్బుతుంది. గుమ్మం వంకరపోయేది అందుకే. ఆ నాళాలను పెంచే ‘వీఈజీఎఫ్’ అనే ప్రొటీన్‌ను ఇంజెక్షన్ అడ్డుకుంటుంది, అంతే. మందు ప్రభావం కొన్ని వారాలే, నాళాలు మాత్రం అక్కడే ఉంటాయి. మళ్లీ కారి మచ్చకడితే పోయిన చూపును ఏ ఇంజెక్షనూ తేలేదు.

మూడు డోసుల తర్వాత ఓసీటీ స్కాన్‌లో (రెటీనా పొరలను చూపే పరీక్ష) నీరు లేకపోతే గడువును రెండేసి వారాలు పెంచుతూ పోతారు: 4 వారాలు, 6, 8, అలా కొందరికి 12 దాకా. నీరు కనబడితే మళ్లీ దగ్గరికి తెస్తారు. వెళ్లిన ప్రతిసారీ ‘నీరుందా, ఈసారి ఎన్ని వారాలకు రావాలి?’ అని అడిగి రాసుకోండి. ఖర్చే ఇబ్బందయితే మొహమాటపడకుండా చెప్పండి. మానేయడం కన్నా చవకైన బెవాసిజుమాబ్‌కో, మన దేశంలో తయారయ్యే ర్యానిబిజుమాబ్‌కో మారడం ఎంతో మేలు.

చుక్కలతో కన్ను మొద్దుబార్చి, పోవిడోన్ అయొడిన్‌తో శుభ్రం చేసి, నల్లగుడ్డు అంచుకు 3.5–4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి 0.05 మిల్లీలీటర్ల మందు వేస్తారు. సూది దిగినచోట ఎర్రగా రక్తపు మరక కనబడితే రెండు వారాల్లో అదే పోతుంది. కానీ మొదటి వారంలో నొప్పి పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా అది కంటిలోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి. కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడనివ్వొద్దు, కొంగుతో కన్ను తుడుచుకోనివ్వొద్దు.

ప్రశ్న: నా వయసు 68. ‘డ్రై ఏఎమ్‌డీ, తొలిదశ’ అన్నారు. మందుల షాపులో కళ్ల విటమిన్లు ఇచ్చారు. వాడనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: డ్రై అంటే కొత్త నాళాలు పుట్టని, నీరు కారని రకం. దాని తొలిదశలో ఆ విటమిన్లతో లాభం కనబడలేదు. ఉపయోగం మధ్యదశలో, అదీ ఏఆర్‌ఈడీఎస్-2 అనే అమెరికా పరిశోధనలో వాడిన పాళ్లలో ఉంటేనే: విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 ఐయూ, లూటీన్ 10, జియాగ్జాంథిన్ 2, జింక్ 80, కాపర్ 2 మిల్లీగ్రాములు. అట్టమీది అంకెలు చదవండి, చాలా మాత్రల్లో ఈ పాళ్లు ఉండవు. పొగ తాగేవారు, మానేసినవారు బీటాకెరోటిన్ ఉన్నవి ముట్టొద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. చుట్ట, సిగరెట్టు మానడమే మీరు చేసుకోగల పెద్ద వైద్యం.

జబ్బు వెట్ రకంగా మారుతోందేమో ఇంట్లోనే కనిపెట్టడానికి ఆస్పత్రిలో ఆమ్‌స్లర్ గళ్ల కాగితం అడిగి తెచ్చుకోండి. దగ్గరి చూపు కళ్లద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో పట్టుకుని, ఒక కన్ను పూర్తిగా మూసి మధ్య చుక్కనే చూడాలి. తర్వాత రెండోది. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను చెడినదాని లోపాన్ని కప్పేస్తుంది. కొత్తగా గీత వంగినా, గడి మాయమైనా ఒకట్రెండు రోజుల్లోనే రెటీనా డాక్టరుకు చూపించుకోండి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.