పైన స్విచ్చు ఒక పక్కకి ఉంటేనే మెట్ల లైటు వెలుగుతాంది, ఎందుకు?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. మా మామ కట్టించిన పాత మిద్దె, మెట్ల లైటుకి కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు ఉన్నాయి. కిందది నల్లటి పాతకాలం స్విచ్చు, వేస్తే చిటచిటమని లోపల మెరిసేది, అందుకని మా పిల్లోడు అంగట్లో కొత్త టూవే స్విచ్చు తెచ్చి బిగించినాడు. ఇప్పుడు పైన స్విచ్చు ఒక పక్కకి ఉంటేనే కింద పనిచేస్తాది, ఇంకో పక్కకి ఉంటే ఎంత నొక్కినా వెలగదు. స్విచ్చు డూప్లికేటా? ఎండాకాలం పైనే పడుకుంటాం, రాత్రిపూట మా అత్త ఆ కడప బండ మెట్లు చీకట్లో దిగుతాంటే నాకు గుండె దడ.

జవాబు: అక్కా, స్విచ్చు మంచిదే, వైరు మారింది. టూవే స్విచ్చుకి మూడు స్క్రూలుంటాయి, అందులో ఒకటి కామన్, మిగతా రెండూ కింద స్విచ్చుకీ పైన స్విచ్చుకీ మధ్య తిరిగే వైర్లవి. ఒక స్విచ్చు కామన్‌కి ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, వస్తాది, ఇంకో స్విచ్చు కామన్ నుంచి బల్బుకి పోతాది. ఆ తిరిగే రెండు వైర్లు అటూ ఇటూ మారినా ఏం కాదు, కామన్ వైరు పోయి వాటి చోట పడిందంటే మాత్రం సరిగ్గా మీరు చెప్పినట్టే అవుతాది. పాత స్విచ్చులో కామన్ ఒక చోట ఉంటాది, కొత్తదాంట్లో ఇంకో చోట, కంపెనీ కంపెనీకీ మారుతాది, మీవాడు పాతదాంట్లో ఎక్కడున్న వైరు కొత్తదాంట్లో అక్కడే పెట్టింటాడు, చానామంది చేసే పొరపాటే ఇది.

వైర్లు పీకకముందే కామన్‌లో ఉన్న వైరుకి టేపు ముక్క చుట్టి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవాల్సింది. రంగు చూసి పోల్చుకుందామంటే కుదరదు, పాత ఇండ్లల్లో చేతికి ఏ రంగు దొరికితే ఆ రంగు లాగినారు. ఇప్పుడు మీకు గుర్తు లేదు కాబట్టి కరెంటు పని తెలిసినాయన్ని పిలిపించండి, ఆయన మెయిన్ ఆపి కింద స్విచ్చు మూడు వైర్లు విడివిడిగా పెట్టి, మళ్ళీ కరెంటు ఇచ్చి టెస్టర్‌తో చూస్తాడు. పైన స్విచ్చు ఎట్లా వేసినా ఒకే వైరు మీద టెస్టర్ బాగా వెలుగుతాంటే అదే కామన్. అట్లా కాకుండా పైన స్విచ్చు మార్చినప్పుడల్లా వెలుగు ఒక వైరు నుంచి ఇంకో వైరుకి పోతాంటే, ఎప్పుడూ వెలగని ఆ మూడోది కామన్.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాన్నా అక్కా, లైటు ఆరింది కదా అని బోర్డులో చెయ్యి పెట్టనియ్యొద్దు. టూవేలో లైటు ఆరినా ఆ తిరిగే వైర్లలో ఒకదాంట్లో కరెంటు ఉండనే ఉంటాది, 230 వోల్టులు, రెండు బోర్డుల్లోనూ. మెయిన్ ఆపి ఫ్యూజు పీకి జేబులో వేసుకొనే పని మొదలుపెట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది కూడా ఆపాల, మెట్ల లైటు ఎక్కువగా దానికే ఇచ్చింటారు, మెయిన్ ఆపినా ఆ లైన్లో కరెంటు వస్తానే ఉంటాది. ఆపినాక టెస్టర్‌తో చూసుకోవాల, ఆ టెస్టర్ పనిచేస్తాందో లేదో ముందే కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాల.

మీది పాత ఇల్లు అంటున్నారు, వైరు తెల్లగా అల్యూమినియందైతే రెండు మూడుసార్లు వంచితే తెగిపోతాది, కొనకాడ కొంచెం కత్తిరించి కొత్తగా ఒలిచి పెట్టమనండి, స్క్రూ వదులుగా ఉంటే మళ్ళీ ఆ చిటచిటే. పైన స్విచ్చు కూడా అప్పటిదే కాబట్టి ఒకేసారి అదీ మార్పించండి, ఐఎస్ఐ మార్కున్న 6 ఆంపియర్‌ది చాలు, అడిగేటప్పుడు టూవే అనే అడగండి, వన్‌వే ఇస్తే దానికి రెండే స్క్రూలుంటాయి.

అంతా అయినాక మీరు కింద, పిల్లోడు పైన నిలబడి మార్చి మార్చి వేసి చూడండి, ఎవరు వేసినా ప్రతిసారీ వెలగడమో ఆరడమో జరగాల, ఒక్కసారి కదలకపోయినా ఆయన్ని పోనియ్యొద్దండి.