చిన్న కారు వెనక ట్రాలీ తగిలించుకోవచ్చా?

ప్రశ్న: పెళ్ళిళ్ళకు వంటలు చేయించడం నా వృత్తి. నాకు 800 సీసీ చిన్న కారు ఉంది. గుండిగలు, పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు చేరవేయడానికి ప్రతిసారీ మినీ ట్రక్కుకు కిరాయి కట్టలేకపోతున్నాను. మా ఊరి వెల్డింగ్ షాపులో రెండు చక్రాల ట్రాలీ చేసి, కారు వెనక కొక్కెం బిగించి ఇస్తామంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందా? అలాగే మా బావమరిది కారు దారిలో ఆగిపోతే నా కారుకు తాడు కట్టి లాక్కురావచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ట్రాలీ ఆలోచన మానుకోండి. షాపుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి.

కారు వెనక ట్రాలీ లాగడమే నేరమని చట్టంలో లేదు. చిక్కంతా ఆ ట్రాలీతోనే. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం ‘మోటారు వాహనం’ అనే మాటలో ట్రెయిలర్, అంటే మీ ట్రాలీలాంటి లాగుడు బండి కూడా చేరుతుంది, దానికి ఇంజను లేకపోయినా సరే. కాబట్టి సెక్షన్ 39 కింద దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సెక్షన్ 61 ప్రకారం లాగే బండి నంబరు ట్రాలీ వెనక కూడా కనిపించాలి. ఇనుప యాంగిళ్ళు కోసి, పాత చక్రాలు తగిలించి చేసిన బండికి వెల్డింగ్ షాపు రసీదు చూపిస్తే రిజిస్ట్రేషన్ ఇవ్వరు. అది లేకుండా రోడ్డెక్కితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా. మళ్ళీ పట్టుబడితే ఏడాది వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. మన పల్లెల్లో ట్రాక్టర్ల వెనక నంబరు లేని ట్రాలీలు తిరుగుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. తిరుగుతున్నాయి, నిజమే. ప్రమాదం జరిగిన రోజున ఆ మాట కోర్టులో ఎవరినీ కాపాడదు.

ఇక కొక్కెం సంగతి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి రంధ్రాలు వేసి బిగించిన కొక్కెం ఈ సెక్షన్ కిందికి రాదని వాదించవచ్చునేమో గాని, ఆ వాదన మీద మీ బతుకుతెరువును పందెం కట్టవద్దు.

నాకు అన్నిటికన్నా భయం ఇన్సూరెన్స్ గురించే. మీ పాలసీ కాగితం తీసి, బండిని దేనికి వాడుకోవచ్చో రాసిన చోట చదవండి. కిరాయికి తిప్పడం, సొంత సామాను తప్ప ఇతర సరుకు మోయడం సాధారణంగా ప్రైవేటు కారు పాలసీ పరిధిలోకి రావు. పైగా సెక్షన్ 2(14) ప్రకారం సరుకు మోయడం కోసం తయారు కాని బండి అయినా, సరుకు మోస్తున్నప్పుడు సరుకు రవాణా వాహనమే అవుతుంది. వంట సామాను నా సొంతమే కదా అని మీరు అనవచ్చు. అది వ్యాపార సామాను అని కంపెనీ వకీలు అంటారు.

నా దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ట్రాలీకి సరైన పిన్ను బదులు ఒక బోల్టు దూర్చి, అది జారిపోకుండా బైండింగ్ వైరు చుట్టారు. కాలువ గట్టు దిగుతుండగా వైరు తెగింది. విడిపోయిన ట్రాలీ సైకిలు మీద వస్తున్న మనిషిని గుద్దింది. ఆయన కాలు పోయింది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీ ముందు పరిహారం చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి వసూలు చేసుకుంది. యజమాని పొలం అమ్మి కట్టాడు. తుప్పు పట్టిన ఆ వైరు ముక్క ఫోటో ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది. అటువంటి ప్రమాదంలో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది.

కారు సత్తా కూడా ఆలోచించండి. గుండిగలు, బియ్యం బస్తాలు, రెండు సిలిండర్లు కలిపితే మూడు నాలుగు వందల కిలోలు సులువుగా దాటుతాయి. మీ కారు బరువులో అది దాదాపు సగం. ట్రాలీకి బ్రేకు ఉండదు కాబట్టి ఆ బరువంతా మీ కారు బ్రేకులే ఆపాలి. వంపులో బ్రేకు వేస్తే ట్రాలీ కారు వెనక భాగాన్ని పక్కకు నెట్టేస్తుంది.

మీకు మేలైన దారి సెకండ్ హ్యాండ్ మినీ ట్రక్కు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి సెక్షన్ 66(3) ప్రకారం పర్మిట్ అక్కరలేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్, సరుకు బండికి ఇచ్చే ఇన్సూరెన్స్ మాత్రం తప్పనిసరి. మీ కారు లైసెన్సే దానికీ సరిపోతుంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి తేలికపాటి వాహన లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. కొనేంత డబ్బు ఇప్పుడు లేకపోతే కిరాయిని పెళ్ళివారి లెక్కలోనే విడిగా రాయండి.

బావమరిది కారు విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. చెడిపోయిన బండిని దగ్గరి గ్యారేజీ దాకా లాక్కెళ్ళవచ్చు. వెనక కారు స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. తాడు ఇతరులకు స్పష్టంగా కనిపించాలి. వెనక బండికి ‘ఆన్ టో’ అని రాసిన బోర్డు కట్టాలి. వేగం 20 కిలోమీటర్లు దాటనివ్వకండి. జాతీయ రహదారి మీద, రాత్రిపూట ఈ పని అసలే వద్దు. ఆయన కారు మీ కారుకన్నా బరువైనదైతే తాడు జోలికే పోకండి.

తాడును బంపరుకు కట్టకండి. చాలా కార్లలో ముందు బంపరు మీద ఒక చిన్న మూత ఉంటుంది. అది తీసి, టూల్ కిట్‌లో ఉన్న కొక్కేన్ని అక్కడ బిగించాలి. వెనక కారు తాళం ఆన్‌లోనే ఉండాలి, లేకపోతే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఇంజను ఆగిన కారులో బ్రేకు పెడల్ రాయిలా ఉంటుంది, చాలా గట్టిగా తొక్కాలి. ఈ మాట బయలుదేరే ముందే బావమరిదికి చెప్పండి. అది ఆటోమేటిక్ కారైతే తాడు కట్టకుండా, పాలసీలో రోడ్డు సహాయం ఉందేమో చూసి ఆ నంబరుకు ఫోను చేయమనండి.