డీఎం చాటుగ డైస్ మార్చొచ్చా? ప్లేయర్ దిక్కు కూసున్నోన్ని చెప్తున్న

తమ్మీ, నీ ప్రశ్న మొత్తం చదివిన. హన్మకొండల దోస్తులకు మొదటిసారి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర పట్టుకుని డైస్ ఏసుకుంట కథ నడిపే ఆట) ఆడిపిస్తున్నవ్, కథ చెప్పి రాక్షసులను నడిపే డంజన్ మాస్టర్‌వి, అంటే డీఎంవి, నువ్వే, ఫస్ట్ లెవెల్ విజార్డ్‌ను (మంత్రాలేసే పాత్ర) గాబ్లిన్ (చిన్న రాక్షసి) కొడితే నీ డైస్ కనపడకుండ పెట్టే స్క్రీన్ ఎనక ఇరవై ముఖాల డైస్ మీద 20, అంటే గట్టి దెబ్బ, పడ్డది, ఆ చెల్లె క్యారెక్టర్ సస్తదేమో అని భయమై మిస్ అన్నవ్, ఎవ్వలకు తెల్వలే, ఇప్పుడు మనసుల పీకుతున్నది, అందరు డీఎంలు ఇట్లనే చేస్తరా అని అడుగుతున్నవ్.

చేస్తరు. మస్తు మంది చేస్తరు. 2014ల వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లనే ఉన్నది, స్క్రీన్ ఎనక ఏస్తే కావాలంటే ఫలితం మార్చుకోవచ్చు, కాకపోతే మాటిమాటికి చెయ్యకు, చేస్తున్నట్టు ప్లేయర్లకు తెల్వనియ్యకు అని. నాకు పంచాయితి ఆ చివరి ముక్కతోనే.

నేను వరంగల్‌ల చదువుకునేటప్పుడు హాస్టల్ రూంల ఆడేటోల్లం, నాది రేంజర్ (అడవుల తిరిగే విలుకాడు) పాత్ర. ఒకసారి ఓగర్ అనే పెద్ద రాక్షసునితోని ఫైట్ పడ్డది, మా గ్రూప్‌ల ఇద్దరు కిందపడ్డరు, ఇగ అయిపాయె అనుకుంటుంటే నేనేసిన బాణానికి అది కూలింది, మేం అరిసిన అరుపులకు పక్క రూమోల్లొచ్చి తలుపు గుద్దిండ్రు. ఏండ్లకేండ్లు అదే ముచ్చట చెప్పుకున్నం, కొత్తోల్లకు ఈ గేమ్ అంటే ఏందో చెప్పాలన్నా నేను అదే చెప్పేటోన్ని. తర్వాతెప్పుడో కాజీపేట స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే మా డీఎం మంచిగనే, ప్రేమతోనే అన్నడు, “అరేయ్ ఆ ఓగర్‌కు ఇంకా సగం ఎచ్‌పీ ఉండెరా, మీరందరు సస్తరని నేనే పడగొట్టిన” అని. ఎచ్‌పీ అంటే ఎంత దెబ్బ తట్టుకుంటదో ఆ లెక్క, 2014 పుస్తకంల ఓగర్‌కు 59 ఎచ్‌పీ, సగమంటే నా ఒక్క బాణంతోని అయ్యేది కాదు.

ఆయన ఇప్పటికీ నా దోస్తే, మాకోసమే చేసిండు, అండ్ల అనుమానం లేదు. కాని ఆ ఫైట్ యాదికొచ్చినప్పుడల్లా ఓగర్‌ను నేను కొట్టిన్నా, ఆయన కొట్టిండా అనిపిస్తది. అంతకుముందు గెలిచినయి గూడ డౌట్ల పడ్డయి, ఏవి మేం గెలిచినం, ఏవి ఆయన ఇచ్చిండు అని. ఒక్క దెబ్బ మారిస్తే ఆ ఒక్కదానితోని ఆగదు, బయటపడ్డనాడు ఎనకటియన్ని కదుల్తయి.

ఇంకోటి, నువ్వు భయపడ్డంత ప్రమాదం అక్కడ లేకుండె. లెక్క సూడు. ఆమెకు 7 ఎచ్‌పీ నిండుగ ఉన్నదనుకో, గాబ్లిన్ కత్తికి క్రిటికల్ (20 పడ్డప్పటి డబుల్ డైస్ దెబ్బ) పడితే రెండు ఆరు ముఖాల డైస్‌లు, ప్లస్ 2, సగటున 9. అంటే కిందపడ్తది, చచ్చిపోదు. అక్కడికక్కడే పోవాలంటే 14, అంటే ఆమె 7కు రెండింతలు, రావాలె, అంటే రెండు డైస్‌లూ ఆరే పడాలె, 36ల ఒక్కసారి. లేకపోతే తన టర్న్ వచ్చినప్పుడల్లా డెత్ సేవ్, అంటే సావు తప్పించుకోనీకి ఇరవై ముఖాల డైస్, ఏస్తది, 10 గాని అంతకెక్కువ గాని పడితే సక్సెస్, మూడు ఫెయిల్ కాకముందు మూడు సక్సెస్‌లు వస్తే ప్రాణం నిలబడ్తది, 20 పడితే ఒక ఎచ్‌పీతోని లేస్తది, పక్కన క్లెరిక్ (గాయాలు మాన్పే పాత్ర) ఒక్క పాయింట్ హీల్ చేసినా లేచి కూసుంటది. ఆ రెండు మూడు రౌండ్లల్లనే ఉంటది అసలు గేమ్, ఫైటర్ ఉరికొచ్చి అడ్డం నిలబడ్తడా, ఎవలన్న ఆమెను గుంజుకపోతరా అని. నువ్వు మిస్ అనంగనే ఆమెను కాపాడే అవకాశం మిగతా దోస్తుల చేతులకెల్లి పోయింది, అట్లాంటి అవకాశం ఉండెనని గూడ వాల్లకు తెల్వదు.

నా మాట ఏందంటే డైస్ చేతిల ఉన్నంతసేపు నీ ఇష్టం, బల్ల మీద పడ్డంక అది అందరిది. గాబ్లిన్ ఎవల మీదికి పోవాలెనో నువ్వే చెప్తవ్ కదా, విజార్డ్‌ను ఇడిసిపెట్టి ఫైటర్ మీదికి పంపు, సగం మంది సచ్చినంక మిగిలినయి పారిపోనియ్యి, దగ్గరికొచ్చి కొట్టిన దెబ్బతోని సున్నాకు తెస్తే సంపకుండ స్పృహ తప్పించే రూల్ గూడ ఉన్నది, కట్టేసి గుహలకు తీస్కపోతే నీకు వచ్చేవారం కథ తయార్. ఎచ్‌పీ గూడ అంతే, 2014 పుస్తకంల గాబ్లిన్‌కు రాసిన 7 అనేది సగటు, గాబ్లిన్‌కు 2 నుంచి 12 దాక ఎంతైనా పెట్టుకోవచ్చు, ఓగర్‌కు 28 నుంచి 91 దాక. కాని ఫైట్ మొదలుకాకముందే రాసి పెట్టుకో, నడుమ గీకద్దు. ఇంట్ల పచ్చీసు ఆడితే గవ్వలు అందరి ముంగటనే పడ్తయి, ఎవ్వలూ కొంగు చాటున ఏసి ఇంత పడ్డదని చెప్పరు, ఈ గేమ్‌కు మాత్రం ఏరే న్యాయం ఎందుకు?

దాచి ఏసుడు ఏరు, మార్చుడు ఏరు, ఆ రెండిటిని కలపకు. డోర్ ఎనక ఎవలో నక్కి ఉన్నరనుకో, ఆ రోల్ చూపెడితే ప్లేయర్లకు తెలిసిపోతది, అది దాచాలె, పడ్డది మాత్రం పడ్డట్టే ఉంచు. అపోకలిప్స్ వరల్డ్ లాంటి గేమ్‌లల్ల అయితే నడిపేటోడు అసలు డైసే ముట్టడు, ప్లేయర్లే ఏస్తరు, అక్కడ ఈ లొల్లే రాదు.

కొందరికి కథ సాఫీగ నడుసుడే ముఖ్యం, డీఎం ఏం చేసినా మాకు ఓకే అంటరు. అట్ల వాల్ల నోటితోని అంటే నాకేం అభ్యంతరం లేదు. మా అక్క పిల్లలకు ఆడిపిచ్చేటప్పుడు నేను మొదలే చెప్తా, ఈ ఆటల మీ క్యారెక్టర్లు సావరు, కిందపడి తర్వాత లేస్తరు అని, ఇగ డైస్ మార్చే పనే ఉండదు. నా పెద్దోల్ల గ్రూప్‌ల అడిగితే అందరూ సస్తే సస్తం, ముంగటనే ఎయ్యి అన్నరు.

వచ్చేసారి కూసున్నప్పుడు ఆట మొదలుపెట్టకముందే చెప్పు, పోయినసారి ఆ దెబ్బ నేను మార్చిన, ఇగ నుంచి ఎట్ల చేద్దాం అని. ఆ చెల్లె ఏమన్న అంటే విను, ఎనకకు పోయి ఆ ఫైట్ మల్ల ఆడిపియ్యకు, తర్వాతి రోల్ నుంచి నడుమ బల్ల మీద ఎయ్యి. మ్యాప్, నోట్సులు దాచుకోనీకి ఒక అట్టముక్క సాలు.