‘వెదురు వేణువు’ తప్పా?

ప్రశ్న: మా అబ్బాయి సెలవుల్లో బొంగు తెచ్చుకుని సొంతంగా ఫ్లూటు చేశాడు. స్కూల్ ప్రాజెక్టులో ‘వెదురు వేణువు చెక్కాను’ అని రాస్తే, మా మామగారు “గేటు తలుపు అన్నట్టుంది, వేణువంటేనే వెదురు” అన్నారు. నిజమేనా? పిల్లనగ్రోవిలో ‘నగ’ ఏమిటి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీ మామగారు చెప్పిన అర్థం సరైనదే. సంస్కృతంలో వేణువంటే ముందు వెదురు, ఆ తరవాతే ఊదుకునేది. వంశమన్నా వెదురే, వంశి అందులోంచే వచ్చింది. గాలికి మోగే వెదుళ్లకు అమరకోశం కీచకాలని పేరు పెట్టింది. (విరాటుడి బావమరిదికి ఆ పేరెందుకు వచ్చిందో మరి!)

అయినా మీవాడు రాసింది తప్పు కాదు. మీ ఇంట్లో ‘నువ్వుల నూనె’ అనరూ? నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. ఆ లెక్కన నువ్వుల నూనె పునరుక్తి, కొబ్బరి నూనె అయితే ఏకంగా అబద్ధం! పుట్టుక ఎలా ఉన్నా, వాడుకలో నూనె ఏ గింజదైనా నూనే. వేణువూ అంతే, ఇప్పుడది వాయిద్యం పేరు. తిరనాళ్లలో ప్లాస్టిక్ వేణువులు అమ్ముతున్న రోజుల్లో ‘వెదురు’ అని విడిగా చెప్పాల్సిందే.

పిల్లనగ్రోవిలో నగా లేదు, నట్రా లేదు. క్రోవి అంటే గొట్టం. నడుమ ‘న’ చేరేసరికి ‘క్రో’ కాస్తా ‘గ్రో’ అయింది. చిమ్మనగ్రోవి కూడా ఇలాంటిదే, నీళ్లు చిమ్మే గొట్టం. పిల్లకాలువలో లాగే ఇక్కడా ‘పిల్ల’కి చిన్నదని అర్థం చెప్పుకోవచ్చు. పలకడంలో అరిగి పిల్లంగోవి కూడా అయింది. విరిచి రాయాల్సి వస్తే ‘పిల్లన-గ్రోవి’ అని విరవండి, ‘పిల్ల-నగ్రోవి’ అని కాదు.

నాకు నచ్చనిది ‘చెక్కాను’. కొండపల్లి బొమ్మని పొణికి కర్రతో చెక్కుతారు, అక్కడ ఆ మాట అతికినట్టుంటుంది. వెదురు పుట్టుకతోనే గొట్టం, చెక్కడానికి లోపలేముంది? పైగా దాని పీచు నిలువుగా ఉంటుంది, డ్రిల్లు పెడితే చీలిపోతుందని భయం. అందుకే కణుపుల మధ్య ముక్క కోసి, ఆరబెట్టి, ఎర్రగా కాల్చిన ఊచతో కన్నాలు పెడతారు. ఆ పొగ వాసన మీ వంటింట్లోనూ వచ్చే ఉంటుంది. కాబట్టి ‘చేశాను’ అని రాస్తే చాలు.

ఎన్ని కన్నాలు పెట్టాడో రాయలేదు మీరు. కర్ణాటక పద్ధతికైతే ఊదే కన్నం కాక ఎనిమిది ఉండాలి. ఆరుతో ఆపేసి ఉంటే మాత్రం వాడు హిందుస్తానీ పక్షం!