ఆఫ్రికాన్స్‌ను పైకి తెచ్చింది లాంగెన్‌హోవెన్ ఒక్కరేనా?

డచ్ నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్‌కు, దాని సాహిత్యానికి ఇంత గుర్తింపు రచయిత సి.జె. లాంగెన్‌హోవెన్ వల్లే వచ్చిందా అని అడిగారు. ఉద్యోగం కోసం కేప్‌టౌన్‌లో కొన్నేళ్లు ఉన్నాను, ఆ భాష కాస్తో కూస్తో వచ్చు. ఆయన ఒక్కరి వల్లే అంటే నేను ఒప్పుకోను.

ఆయనకు రెండేళ్ల వయసప్పుడే, 1875లో, పార్ల్ ఊళ్లో కొందరు ఈ భాష కోసం సంఘం పెట్టారు. మరుసటి ఏడాది పత్రిక కూడా మొదలైంది. అయినా చదువుకున్నవాళ్లకు అది వంటింటి భాషే. లాంగెన్‌హోవెన్ వృత్తిరీత్యా లాయరు, ఉండేది ఔట్స్‌హోర్న్ అనే ఊళ్లో. 1914లో కేప్ ప్రొవిన్షియల్ కౌన్సిల్‌కి, అంటే ఆ రాష్ట్ర చట్టసభకి ఎన్నికై, చిన్న తరగతుల్లో ఆఫ్రికాన్స్‌లో పాఠాలు చెప్పొచ్చని తీర్మానం నెగ్గించుకున్నారు. 1925కల్లా ఆఫ్రికాన్స్‌కు అధికార భాష హోదా వచ్చింది. నన్నడిగితే ఆయన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ తీర్మానం ఒక ఎత్తు. బడిలో ఆ భాష చదివిన పిల్లలే కదా రేపు పుస్తకాలు కొనేది!

అలాగని రచనలేమీ తీసిపారేసేవి కావు. శుక్రగ్రహం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాడి మీద 1923లోనే 'లూలూరాయ్' అనే నవల రాశారు. హెర్రీ అనే ఏనుగుతో నవ్వించే కథలు మరీ పాపులర్. మైరింగ్స్‌పోర్ట్ కనుమలో రోడ్డు పక్కన బండ మీద ఆ ఏనుగు పేరు 1929లో ఆయనే చెక్కారు. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన మనవణ్ణి ఎత్తుకుని, ఆ అక్షరాల మీద వాడి వేలు పెట్టించి చదివిస్తున్నారు.

అయితే మా టీంలో, వర్ణవివక్ష రోజుల్లో మిశ్రమ జాతివాళ్ల కోసం కట్టిన కేప్‌టౌన్ శివారు మిచెల్స్ ప్లెయిన్ నుంచి వచ్చే ఒకాయనకి లాంగెన్‌హోవెన్ పేరెత్తితే చిరాకు. వాళ్లింట్లో మాట్లాడేదీ ఆఫ్రికాన్సే, కాకపోతే కేప్ యాస. ఆ యాసలో వ్యాసం రాస్తే బడిలో ఎర్ర సిరాతో కొట్టేసేవారట. ఆయన నాకు ఇచ్చిన పుస్తకం ఆడమ్ స్మాల్ అనే కవిది. వర్ణవివక్ష రోజుల్లో, 1961లో, 'కిటార్ మై క్రైస్' సంపుటిలో స్మాల్ ఆ యాసనే కవిత్వానికి ఎక్కించారు. ఆఫ్రికాన్స్ సాహిత్యంలో పెద్ద గౌరవమైన హెర్ట్‌జోగ్ బహుమతి లాంగెన్‌హోవెన్‌కి 1927లో వస్తే, స్మాల్‌కి 2012 దాకా రాలేదు.

1976లో నల్లజాతి పిల్లల మీద బడుల్లో ఇదే భాషను బలవంతంగా రుద్దబోతే, జొహానెస్‌బర్గ్ పక్కన నల్లజాతివాళ్లు ఉండే సొవెటో భగ్గుమంది. ఆ మచ్చను కొంతైనా కడిగింది స్మాల్ లాంటివాళ్లే అంటాను. మీరు చదవాలనుకుంటే ముందు ఆఫ్రికాన్స్ కవయిత్రి ఇంగ్రిడ్ యోంకర్ 'పిల్లవాడు' కవిత పట్టుకోండి. 1994లో మండేలా పార్లమెంటులో చదివింది అదే. ఇంగ్లీషు అనువాదం సులభంగా దొరుకుతుంది.